లగ్జరీ కారు ముందు అద్దం: చిన్న రాయికి లక్ష బిల్లు ఎందుకు?

సంక్షిప్తంగా: లగ్జరీ కారు విండ్‌షీల్డ్ బిల్లులో ఒట్టి గాజు వాటా తక్కువ. గాజు మధ్యలో ఉండే పొరలు, దానికి అతికిన సెన్సర్లు, కెమెరా కాలిబ్రేషన్ (దాని గురి సరిచేయడం), విడిభాగం అరుదుగా దొరకడం, సర్వీసు కేంద్రం దూరంలో ఉండడం అన్నీ కలిసి ధరను పెంచుతాయి. గోదావరి డెల్టాలో కంకర లారీలు, కొబ్బరి చెట్లు, ఉప్పుగాలి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. బీమా క్లెయిమ్ చిన్న కారుకు నష్టమయ్యే పరిస్థితిలోనే పెద్ద కారుకు లాభం కావచ్చు.

రావులపాలెం దాటాక టిప్పరు నుంచి జారిన కంకర రాయి చిన్న కారు అద్దానికి తగిలినా, కోటి రూపాయల కారు అద్దానికి తగిలినా దెబ్బ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. శనగగింజంత గుంట, చుట్టూ నాలుగైదు గీతలు. బిల్లులు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు అద్దం, పనికూలీ కలిపి సాధారణంగా పదివేల లోపే తేలిపోతుంది. మామూలు ఎస్‌యూవీకి పది నుంచి పాతిక వేలు. లగ్జరీ కారుకు యాభై, అరవై వేల దగ్గర మొదలై లక్ష దాటుతుంది. హెడప్ డిస్‌ప్లే (వేగాన్ని అద్దం మీదే చూపే ఏర్పాటు), కెమెరా ఉన్న పెద్ద మోడళ్లకు ఎస్టిమేట్ రెండు లక్షల దాకా పోవడమూ ఉంది.

ఆక్వా, రైసు మిల్లుల ఆదాయం, విదేశాల్లో స్థిరపడిన కుటుంబాల రాకపోకల వల్ల భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరం, కాకినాడ ప్రాంతాల్లో ఇలాంటి కార్లు ఇప్పుడు వింతేమీ కాదు. వాటి ముందు అద్దం పగిలినప్పుడే మొదటిసారి ఈ లెక్క ఎదురవుతుంది. పాత షెడ్డుకు వెళ్తే ఒక ధర చెబుతారు, కంపెనీ సర్వీసుకు ఫోన్ చేస్తే దానికి మూడింతలు చెబుతారు. రెండింటి మధ్య తేడా ఎక్కడుందో ఎవరూ విడమరచి చెప్పరు.

డెల్టా రోడ్ల మీద రాయి ఎక్కడిది?

డెల్టా నేల ఒండ్రుమట్టి. తవ్వితే మట్టి, ఇసుక వస్తాయి గానీ రాయి రాదు. రోడ్డుకూ, ఇంటి పునాదికీ కావాల్సిన కంకరంతా మెట్ట ప్రాంతపు క్వారీల నుంచి లారీల్లోనే దిగాలి. ఆ పైన గోదావరి ర్యాంపుల నుంచి ఇసుక లారీలు. 16వ నంబరు జాతీయ రహదారి మీదా, కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం మీదుగా సాగే 216 మీదా ఈ బండ్లు, కార్లు పక్కపక్కనే నడుస్తాయి. పట్టా సరిగా కప్పని లోడు నుంచి రాలే రాళ్లు కొన్నయితే, లారీ జంట టైర్ల మధ్య ఇరుక్కుని విసిరినట్టు వచ్చేవి కొన్ని.

అద్దం పగలడంలో కారు వేగానికే పెద్ద పాత్ర. దెబ్బలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో తగిలిన రాయే 100 కిలోమీటర్ల వేగంలో తగిలితే శక్తి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. కాలువ గట్టు రోడ్డు మీద టక్కుమని తగిలి పోయే రాయి హైవే మీద అద్దాన్ని చీల్చడానికి కారణం ఇదే.

కొబ్బరికాయ దెబ్బ వేరే జాతి. 20 గ్రాముల రాయి 100 కిలోమీటర్ల వేగంలో తగిలితే వచ్చే శక్తి ఎనిమిది జౌళ్ల లోపు. పీచుతో సహా కిలోన్నర తూగే కాయ పదిహేను మీటర్ల ఎత్తు నుంచి పడితే గంటకు 60 కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకుంటుంది, శక్తి 220 జౌళ్ల దాకా ఉంటుంది. అది పెద్ద వైశాల్యం మీద పడుతుంది కాబట్టి గుంటతో ఆగదు, అద్దం మొత్తం కుంగుతుంది. అంచు మీద పడితే పైకప్పు, అద్దం పక్కనుండే స్తంభం కూడా సొట్టపోతాయి. అప్పుడు అద్దం బిల్లుకు టింకరింగ్, పెయింటింగ్ తోడవుతాయి. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన కార్లు చోటు లేక తోటల్లో, చెట్ల కింద ఆగేది ఆ మూడు నాలుగు రోజులే అయినా, కోనసీమలో కాయ ముదిరిన చెట్టుకు పండగతో పనిలేదు. దింపు తీసే రోజున ఆ దరిదాపుల్లో కారు పెట్టకూడదన్నది అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకే చెప్పాలి.

ఒక అద్దం, అయిదారు పొరలు

కారు పక్క అద్దాలు సాధారణంగా టఫెన్డ్ గాజు, పగిలితే చిన్న గుళ్లుగా రాలిపోతాయి. ముందు అద్దం లామినేటెడ్. సుమారు రెండు మిల్లీమీటర్ల మందంతో రెండు గాజు పలకలు, వాటి మధ్య 0.76 మిల్లీమీటర్ల పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. పగిలినా ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి, ముఖం మీద పడవు. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బెనెడిక్టస్ 1909లో ఇలాంటి గాజుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంతవరకూ చిన్న కారుకూ పెద్ద కారుకూ తేడా లేదు. భారత మోటారు వాహన నిబంధనల ప్రకారం ముందు అద్దం లామినేటెడ్ అయి ఉండాలి, కనీసం 70 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి.

తేడా ఆ మధ్యపొర దగ్గర మొదలవుతుంది. లగ్జరీ కారులో హైవే మీద కూడా గుసగుసగా మాట్లాడుకోగలగడానికి ఒక కారణం అకూస్టిక్ పీవీబీ. పొర మధ్యలో మెత్తటి మరో పొర ఉండి గాలి రొదలోని కంపనాన్ని మింగేస్తుంది. ఎండవేడిని వెనక్కి కొట్టడానికి గాజు మీద కంటికి కనిపించని లోహపు పూత వేస్తారు. ఆ పూత రేడియో తరంగాలను కూడా అడ్డుకుంటుంది కాబట్టి ఫాస్టాగ్ లాంటివి పనిచేయడానికి ఒక చోట పూత లేకుండా వదులుతారు.

హెడప్ డిస్‌ప్లే ఉంటే గాజు ఇంకా ప్రత్యేకం. డ్యాష్‌బోర్డు లోపలి ప్రొజెక్టరు వేగాన్ని, దారి గుర్తులను అద్దం మీదికి పంపుతుంది. మామూలు అద్దానికి లోపలి ముఖం, బయటి ముఖం రెండూ ప్రతిబింబిస్తాయి, కాబట్టి అంకె రెండుగా, నీడతో కనిపిస్తుంది. ఆ రెండు బింబాలను ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టడానికి మధ్యపొరను పైన కాస్త మందంగా, కింద కాస్త పల్చగా, అతి స్వల్పమైన కోణంలో తయారుచేస్తారు. ఈ అద్దం బదులు చవకైన అద్దం బిగిస్తే కారు నడుస్తుంది, వాన లోపలికి రాదు, 80 అన్న అంకె మాత్రం జంటగా కనబడుతుంది. షెడ్డు ధరకూ కంపెనీ ధరకూ మధ్య ఉన్న తేడాలో పెద్ద భాగం ఇలాంటి, బయటికి కనిపించని పనితనానిదే.

వాన సెన్సరు కూడా గాజునే వాడుకుంటుంది. అది పరారుణ కాంతిని అద్దంలోకి పంపి, తిరిగి వచ్చిన వెలుగును కొలుస్తుంది. అద్దం మీద చినుకు ఉంటే కొంత వెలుగు బయటికి పోతుంది, వైపరు కదులుతుంది. సెన్సరుకూ గాజుకూ మధ్య జెల్ పట్టీ ఉంటుంది. అద్దం మార్చినప్పుడు పాత పట్టీనే గాలిబుడగలతో అంటిస్తే, ఎండలో వైపర్లు వాటంతటవే ఊగుతాయి, వానలో కదలవు.

కెమెరా, కాలిబ్రేషన్

గత పదేళ్లలో బిల్లును బాగా మార్చింది ఇదే. లేన్ తప్పితే హెచ్చరించడం, ముందున్న బండిని చూసి తానే బ్రేకు వేయడం లాంటి పనులకు అద్దం పైభాగంలో, లోపలి మిర్రర్ వెనుక కెమెరా ఉంటుంది. ఈ వ్యవస్థను అడాస్ అంటున్నారు. కెమెరా లోకాన్ని చూసేది ఆ గాజు గుండానే. అద్దం మారడమంటే దానికి కళ్లజోడు మారడమే. పవరు, కోణం సరిచూడక తప్పదు.

కోణం ఒక్క డిగ్రీ తేడా వస్తే 50 మీటర్ల దూరంలో దాదాపు 87 సెంటీమీటర్లు, 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లు గురి తప్పుతుంది. మన జాతీయ రహదారిపై ఒక లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే వంద మీటర్ల అవతల ఉన్న లారీ సగం లేన్ పక్కకు జరిగినట్టు కారుకు కనిపించవచ్చు.

సరిచేయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి స్టాటిక్: చదునైన నేల మీద, సమానమైన వెలుతురులో, కొలిచిన దూరంలో గళ్ల బోర్డు నిలబెట్టి కంప్యూటరుతో సరిచూస్తారు. రెండోది డైనమిక్: స్కానరు తగిలించి నిర్ణీత వేగంలో, స్పష్టమైన లేన్ గీతలున్న రోడ్డు మీద నడుపుతారు. కొన్ని కార్లకు రెండూ కావాలి. ముమ్మిడివరం వైపు గ్రామాల రోడ్ల మీద డైనమిక్ పద్ధతి కుదరదు, గీతలే ఉండవు. హైవే ఎక్కాల్సిందే. స్టాటిక్ పరికరాలేమో ఎక్కువగా అధీకృత సర్వీసు కేంద్రాల దగ్గరా, పెద్ద గ్లాస్ కంపెనీల శాఖల దగ్గరా ఉంటాయి. రాజమహేంద్రవరం నుంచి విజయవాడ సుమారు 150 కిలోమీటర్లు, విశాఖ ఇంకా దూరం. పగిలిన అద్దంతో అంత దూరం నడపకూడదనుకుంటే రికవరీ వ్యాను ఖర్చు కూడా బిల్లులో చేరుతుంది. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉన్నా, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో చూసుకోవాలి.

సరుకు అరుదు, రకాలు ఎక్కువ

2024లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాలు సుమారు 43 లక్షలు. వాటిలో లగ్జరీ కార్లు దాదాపు 50 వేలు, అంటే నూటికి ఒకటి కంటే కొంచెమే ఎక్కువ. అందులో మళ్లీ అరడజను కంపెనీలు, ఒక్కొక్క దానికి ఎన్నో మోడళ్లు. బాగా అమ్ముడయ్యే చిన్న కారు అద్దాన్ని అసాహీ ఇండియా, సెయింట్ గోబెన్ సెక్యూరిట్ లాంటి సంస్థలు ఇక్కడే వేల సంఖ్యలో తయారుచేస్తాయి, తణుకు డీలరు కూడా నాలుగు తెచ్చి గోడకు ఆనించి పెట్టుకోగలడు. ఏడాదికి దేశమంతటా కొన్ని వందలు మాత్రమే అమ్ముడయ్యే మోడల్ అద్దానికి అచ్చు, నిల్వ, రవాణా ఖర్చులన్నీ ఆ కొద్ది అద్దాల మీదే పడతాయి.

మెర్సిడెస్ కార్లు పుణె దగ్గర చాకన్‌లో, బీఎండబ్ల్యూ కార్లు చెన్నైలో బిగిస్తారు కదా, అద్దం ఎందుకు దిగుమతి అన్న సందేహం సహజమే. ఇక్కడ బిగించే కారులో కూడా చాలా భాగాలు బయటి నుంచే వస్తాయి. దిగుమతి అయిన దానికి కస్టమ్స్ సుంకం, ఆపైన 18 శాతం జీఎస్టీ. పనికూలీ మీదా జీఎస్టీ ఉంటుంది. ఓడలో రావాల్సి వస్తే వారాలు పడుతుంది, అంతవరకూ కారు షెడ్డులోనే.

ఒకే మోడల్‌కు ఒకే అద్దం అనుకోవడం మరో పొరపాటు. కెమెరా ఉన్నది, లేనిది, హెడప్ ఉన్నది, లేనిది, వైపర్ల దగ్గర హీటరు ఉన్నది అని నాలుగైదు పార్టు నంబర్లు ఉంటాయి. ఛాసిస్ నంబరుతో చూసి ఆర్డరు పెడితేనే సరైనది వస్తుంది. వాట్సాప్‌లో కారు ఫోటో పంపి ధర అడిగితే వచ్చే జవాబుకు పెద్ద విలువ లేదు.

జిగురు, తేమ, తుప్పు

అంబాసిడర్ కాలంలో ముందు అద్దం రబ్బరు బీడింగులో కూర్చునేది. బీడింగు గాడిలో తాడు పెట్టి లాగి బిగించేసే పనివాళ్లు ప్రతి ఊళ్లో ఉండేవారు. ఇప్పుడు అద్దాన్ని పాలీయురిథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. అది కారు నిర్మాణంలో భాగం. బోల్తా పడినప్పుడు పైకప్పు కుంగకుండా కొంత బరువు మోస్తుంది. పక్క సీటు ఎయిర్‌బ్యాగు చాలా కార్లలో పైకి విచ్చుకుని, అద్దాన్ని ఆనుకునే ప్రయాణికుడి వైపు తిరుగుతుంది. జిగురు పట్టు లేకపోతే ఎయిర్‌బ్యాగు అద్దాన్ని బయటికి నెట్టేస్తుంది.

ఈ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. ఆ ఒక్క విషయంలో డెల్టా వాతావరణం కలిసొచ్చేదే. కానీ అతికించే క్షణంలో గాజు, బాడీ అంచు పొడిగా ఉండాలి. రేకుల షెడ్డు ముందు, ముసురులో చేస్తే అదే తేమ శత్రువు. అసలు ఇబ్బంది ఇంకోటుంది. పాత అద్దం కోసి తీసేటప్పుడు కత్తి బాడీ అంచుకు తగిలి పెయింటు లేస్తే, అక్కడ ప్రైమరు వేయకుండా జిగురు పూస్తే, తుప్పు లోపల మొదలవుతుంది. కాకినాడ, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలిలో ఇది వేగంగా పాకుతుంది. ఏడాది రెండేళ్లకు జిగురు కింద లోహమే పొరలుగా లేచి, వానాకాలంలో నీరు డ్యాష్‌బోర్డు వెనక్కి దిగుతుంది. అక్కడ ఉండే వైరింగు, కంట్రోల్ యూనిట్ల ఖరీదుతో పోలిస్తే అద్దం ఖరీదు చిన్నదైపోతుంది. పనికూలీ ఎక్కువ తీసుకునే చోట కొనేది ఈ జాగ్రత్తనే. ఎక్కువ కూలీ తీసుకుంటున్నారు కదా అని జాగ్రత్త ఉందని నమ్మాల్సిన పనిలేదు, అంచు చూపించమని అడగవచ్చు.

జిగురు రకాన్ని బట్టి కారు కదపడానికి గంట నుంచి కొన్ని గంటలు ఆగాలి. ఒకటి రెండు రోజులు ప్రెషర్ వాష్ వద్దు. తలుపు గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడికి జిగురు కదులుతుంది, అందుకే కిటికీ అద్దం కొంచెం దించి ఉంచుతారు.

ఒరిజినల్, లోకల్

‘ఒరిజినల్’ అంటే కారు కంపెనీ గుర్తుతో వచ్చేది. అదే గ్లాస్ కంపెనీ అదే కొలతల్లో, కారు గుర్తు లేకుండా అమ్మేది రెండోది. అది ధరలో ఒరిజినల్ కంటే బాగా తక్కువ, నాణ్యతలో చాలాసార్లు సమానం. ఎవరు చేశారో తెలియనిది మూడోది. అద్దం మూలన ఉండే ముద్ర చూస్తే తయారీదారు పేరు, ఐఎస్‌ఐ గుర్తు లేదా వలయంలో ఇంగ్లిషు E అక్షరంతో ఉండే ఐరోపా ఆమోద గుర్తు కనిపిస్తాయి. ముద్రే లేని అద్దం ఎంత చవకైనా వద్దు. హెడప్, కెమెరా లేని పాత లగ్జరీ కారుకు రెండో రకం చక్కగా సరిపోతుంది, అక్కడ ఒరిజినల్‌కు రెట్టింపు పెట్టడంలో అర్థం లేదు. హెడప్ ఉంటే మాత్రం పొదుపుకు చోటు తక్కువ.

బీమా లెక్క తలకిందులయ్యేది ఇక్కడే

ఎదుటివారి నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అద్దానికి పైసా రాదు. సొంత కారు నష్టానికి వర్తించే ఓన్ డ్యామేజ్ ఉంటే రాయి, కొబ్బరికాయ, తుపాను అన్నీ దాని పరిధిలోకే వస్తాయి. గాజు భాగాలకు తరుగుదల కోత లేదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత ఉంటుంది, జీరో డెప్ తీసుకుంటే అది తప్పుతుంది. జిగురు, ప్రైమరు లాంటివి కన్స్యూమబుల్స్ కవర్ ఉంటేనే ఇస్తారు. ప్రతి క్లెయిమ్‌లో మన వాటాగా పోయే తప్పనిసరి కోత 1500 సీసీ దాటిన ఇంజనుకు రూ.2,000, దాని లోపు అయితే రూ.1,000. కాలిబ్రేషన్ ఖర్చును ఎస్టిమేట్‌లో ముందే రాయించి, నష్టం చూడడానికి వచ్చే బీమా సర్వేయరుతో ఒప్పించుకుంటే తర్వాత వాదన ఉండదు. సర్వేయరు చూడకముందే అద్దం తీయిస్తే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

చాలామంది చూడనిది నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంపై తగ్గింపు వరుసగా 20, 25, 35, 45, 50 శాతానికి పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సున్నాకు పడుతుంది. 50 శాతం మీద ఉన్నవారు క్లెయిమ్ చేస్తే తర్వాతి అయిదు రెన్యువళ్లలో పోగొట్టుకునేది వరుసగా 50, 30, 25, 15, 5 శాతం. కలిపితే ఒక ఏడాది ప్రీమియంలో 125 శాతం. అప్పటికి 20 శాతం మీద ఉన్నవారికి ఇదే లెక్క 80 శాతానికి వస్తుంది.

ఉదాహరణకు చిన్న కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియం, తగ్గింపు లేకుండా, రూ.8,000 అనుకుందాం. 50 శాతం బోనస్ పోతే నష్టం రూ.10,000. అద్దం రూ.7,000. క్లెయిమ్ చేస్తే చేతి నుంచి పోయినట్టే. లగ్జరీ కారు ప్రీమియం రూ.60,000 అనుకుంటే బోనస్ నష్టం రూ.75,000. అద్దం బిల్లు రూ.1,50,000 అయితే, కోతలు పోయినా రూ.70 వేల పైన మిగులుతుంది. ఏటా కారు విలువతో పాటు ప్రీమియం తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంకా తక్కువే. క్లెయిమ్ చేసినా నో క్లెయిమ్ బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకున్నవారికి ఈ లెక్కతో పనే లేదు, అయితే ఏడాదికి ఎన్ని క్లెయిముల వరకన్నది పాలసీలో చూడాలి. చిన్న కారు నడిపిన అనుభవంతో ‘చిన్నదానికి క్లెయిమ్ ఎందుకు’ అనుకునే అలవాటు లగ్జరీ కారుకు పనికిరాదు.

రాయి విసిరిన లారీ యజమాని నుంచి రాబట్టవచ్చా అంటే, చట్టంలో దారి ఉంది. ఆ రాయి ఆ బండిదేనని నిరూపించడమే కష్టం. డాష్‌క్యామ్‌లో నంబరు, రాయి రెండూ పడితే తప్ప ఆశ పెట్టుకోకపోవడం మేలు.

మార్చకుండా గట్టెక్కే దశ

ప్రతి పగులుకూ అద్దం మార్చనక్కర్లేదు. రూపాయి నాణెం కంటే చిన్న గుంట, డ్రైవరు చూపుకు ఎదురుగా, అంచుకు దగ్గరగా, కెమెరా ముందు లేకపోతే రెజిన్ ఎక్కించి ఆపవచ్చు. ఖర్చు కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేలు. షరతల్లా త్వరగా చేయించడమే. గుంటలోకి దుమ్ము, తడి చేరితే రెజిన్ పట్టదు. తగిలిన వెంటనే పారదర్శకమైన టేపు అంటించడం మంచి ఉపాయం. మే నెల ఎండలో కాగిన అద్దం మీద ఏసీ గాలి నేరుగా వదిలినా, చల్లనీళ్లు కొట్టినా గాజు లోపలా బయటా వేర్వేరుగా వ్యాకోచించి, చిన్న గుంట పొడవాటి గీతగా మారుతుంది. గీత సాగాక రెజిన్ మాట ఎత్తేవాడు ఉండడు.

మార్చక తప్పనప్పుడు కారు తీసుకునే ముందు చూడాల్సినవి కొన్ని: అద్దం అంచుల వెంట పైపుతో మెల్లగా నీళ్లు పోయించడం, వాన సెన్సరును పరీక్షించడం, హెడప్‌లో అంకె ఒకటిగా కనిపిస్తోందో లేదో చూడడం, కాలిబ్రేషన్ రిపోర్టు కాగితం మీద తీసుకోవడం. ఫాస్టాగ్ కూడా పాత అద్దంతోనే పోతుంది, ఊడదీస్తే చిరుగుతుంది, మరో గాజుకు అంటిస్తే పనిచేయదు. కొత్త ట్యాగు కోసం బ్యాంకుకు ముందే చెప్పుకోకపోతే విజయవాడ నుంచి తిరిగి వచ్చేటప్పుడు దారిలో ప్రతి టోల్ ప్లాజాలో మామూలు టోల్ కంటే ఎక్కువ కట్టాలి.